ఎక్స్-రే కిరణాలకు లెక్క చెప్పేదెవరు?

రాజధానిలో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ ద్వారం వద్ద ఏ రోజు ఉదయం నిలబడి చూచినా ఒక దృశ్యం కంటబడుతుంది. బీహారు నుంచి, తూర్పు ఉత్తరప్రదేశ్ నుంచి, అప్పుడప్పుడు మన తెలుగు జిల్లాల నుంచి కూడా వచ్చిన రోగులూ, వారి బంధువులూ కాలిబాట మీద కూర్చుని ఉంటారు. తిండి మూటతో పాటు, దుప్పటితో పాటు, ప్రతి కుటుంబం వద్దా ఒక పెద్ద కవరు ఉంటుంది. అందులో ఎక్స్-రే ఫిల్ములు, సి.టి. స్కాన్ ఫిల్ములు ఉంటాయి. సొంత జిల్లాలో తీయించినది ఒకటి, రాష్ట్ర రాజధానిలో తీయించినది మరొకటి, ఇక్కడికి వచ్చిన తరువాత పాతవి పనికిరావని మళ్ళీ తీయించుకు రమ్మన్నది ఇంకొకటి. ఛాతీ ఒకటే, ఫిల్ములు మూడు.

ఆ కవరు మీద రోగి పేరు ఉంటుంది, వయస్సు ఉంటుంది, పరీక్షకు పంపిన వైద్యుని పేరు ఉంటుంది. చెల్లించిన సొమ్ముకు రశీదు కూడా ఉంటుంది. సాధారణంగా లేనిది ఒక్కటే. ఈ పరీక్షలో రోగి శరీరంలోకి ఎంత రేడియేషన్ ప్రవేశించిందన్న లెక్క. డబ్బుకు లెక్క ఉన్నది కాని, కిరణాలకు లెక్క లేదు. వైద్యంలో ఎక్స్-రే కిరణాల వల్ల కలిగే హాని గూర్చి మన దేశంలో చెలరేగిన వాదోపవాదాలు ఎటూ తేలకుండా పోవడానికి మూలకారణం ఈ లోపమేనని చెప్పక తప్పదు.

2021 మే నెలలో జరిగిన ఉదంతాన్ని పాఠకులు మరచి ఉండరు. కోవిడ్ రెండవ విజృంభణ దేశాన్ని అతలాకుతలం చేస్తున్న రోజులవి. ఆర్.టి.-పి.సి.ఆర్. ఫలితం రావడానికి రోజులు పడుతున్నది. సి.టి. స్కాన్ ఫలితం మాత్రం గంటలలో చేతికి వస్తున్నది. భయపడిన జనం స్కానింగ్ కేంద్రాల ముందు బారులు తీరారు. స్వల్ప లక్షణాలు ఉన్నవారు సైతం మూడు రోజులకొకసారి స్కాన్ తీయించుకోసాగారు. అప్పుడు వైద్య విజ్ఞాన సంస్థ డైరెక్టరుగా ఉన్న డాక్టర్ రణదీప్ గులేరియా మే 3వ తేదీన పత్రికల వారితో మాట్లాడుతూ, ఒక్క సి.టి. స్కాన్ మూడు వందల నుంచి నాలుగు వందల ఛాతీ ఎక్స్-రేలతో సమానమని, చిన్న వయస్సులో పదే పదే స్కాన్ తీయించుకుంటే మున్ముందు క్యాన్సర్ వచ్చే ప్రమాదం పెరుగుతుందని హెచ్చరించారు. స్వల్ప లక్షణాల వారికి స్కాన్ వల్ల ఒనగూడే ప్రయోజనం లేదని కూడా చెప్పారు.

రేడియాలజిస్టుల జాతీయ సంఘం ఈ ప్రకటనపై తీవ్రంగా మండిపడింది. అది పాతకాలపు లెక్క అని, ఆధునిక యంత్రాలతో తీసే అత్యల్ప మోతాదు స్కాన్ ఐదు నుంచి పది ఎక్స్-రేలకు మాత్రమే సమానమని, ఇటువంటి మాటలు రోగులను భయభ్రాంతులను చేస్తాయని ఖండించింది. ఒకరు దేశంలోని అగ్రశ్రేణి వైద్య సంస్థ అధిపతి. మరొకరు ఆ యంత్రాలతోనే నిత్యం పనిచేసే నిపుణులు. ఇద్దరి లెక్కలకూ మధ్య వ్యత్యాసం నలభై, యాభై రెట్లు. సామాన్యుడు ఎవరిని నమ్మాలి?

ఆశ్చర్యం ఏమిటంటే, రెండు లెక్కలూ సాధ్యమే. రేడియేషన్ వల్ల శరీరానికి కలిగే ప్రభావాన్ని మిల్లీసీవర్ట్ అనే ప్రమాణంతో కొలుస్తారు. మంచి యంత్రంతో జాగ్రత్తగా తీసిన ఛాతీ ఎక్స్-రేకు 0.02 మిల్లీసీవర్ట్ పడుతుంది. సాధారణ పద్ధతిలో తీసిన ఛాతీ సి.టి. స్కాన్‌కు సుమారు 7 మిల్లీసీవర్ట్‌లు పడుతుంది. ఒకదానిని మరొకదానితో భాగిస్తే వచ్చేది 350. అదే ఎక్స్-రేను 0.1 మిల్లీసీవర్ట్‌గా లెక్కిస్తే, ఆ స్కాన్ 70 ఎక్స్-రేలకు సమానం అవుతుంది. స్కాన్‌ను అత్యల్ప మోతాదు పద్ధతిలో తీస్తే ఆ సంఖ్య ఇంకా దిగి, పదికి చేరవచ్చు. కనుక అసలు ప్రశ్న డాక్టర్ గులేరియా చెప్పినది నిజమా, రేడియాలజిస్టులు చెప్పినది నిజమా అన్నది కాదు. కర్నూలులోనో, కరీంనగరులోనో, కాన్పూరులోనో ఒక రోగి ఏ రోజున ఏ బల్ల మీద పడుకున్నాడో, ఆ యంత్రం ఆ రోజు ఎంత మోతాదు వదిలిందో అన్నది అసలు ప్రశ్న. దానికి జవాబు చెప్పగల కాగితం ఆ రోగి చేతిలో లేదు. కొలవని వస్తువు గూర్చి ఇద్దరు పెద్దలు వాదించుకుంటే, ఎవరి గొంతు పెద్దదైతే వారిదే గెలుపు అవుతుంది.

ఈ వివాదం కొత్తది కాదు. రాంట్జెన్ 1895 నవంబరులో జర్మనీలో ఎక్స్-రే కిరణాలను కనుగొన్నప్పుడు ప్రపంచం అబ్బురపడింది. కొద్ది సంవత్సరాలలోనే వాటితో ప్రయోగాలు చేసినవారి చేతులు పుండ్లు పడడం ఆరంభమైంది. ఎడిసన్ ప్రయోగశాలలో పనిచేసిన క్లారెన్స్ డాలీ రెండు చేతులూ పోగొట్టుకుని 1904లో మరణించాడు. పెద్ద మోతాదు వల్ల కలిగే హాని ఆ విధంగా కంటికి కనిపించింది. చిన్న మోతాదు హాని మాత్రం కంటికి కనిపించదు. అది ఏళ్ళ తరబడి లోపల దాగి ఉండి, ఏనాడో ఎవరో ఒకరిలో బయటపడుతుంది. ఆ ఒక్కరి వ్యాధి ఎక్స్-రే వల్లనే వచ్చిందని ఏ వైద్యుడూ వేలుపెట్టి చూపలేడు. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

ఈ చిక్కును మొదట ఛేదించ బూనినది డాక్టర్ ఆలిస్ స్టూవర్ట్ అనే బ్రిటిష్ వైద్యురాలు. ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేస్తున్న ఆమె, క్యాన్సర్‌తో మరణించిన పిల్లల తల్లులను, ఆరోగ్యంగా ఉన్న పిల్లల తల్లులను ఒకే విధమైన ప్రశ్నలు అడిగించింది. గర్భవతిగా ఉన్నప్పుడు కడుపుకు ఎక్స్-రే తీయించుకున్నవారు మొదటి వర్గంలో దాదాపు రెట్టింపు ఉన్నట్లు తేలింది. 1956లో తొలి ఫలితాలను, 1958లో పూర్తి నివేదికను ఆమె ప్రచురించింది. వైద్యలోకం దానిని అంగీకరించలేదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ప్రతి చిన్న సంగతినీ గుర్తు పెట్టుకుంటుందని, మిగిలిన తల్లులు మరచిపోతారని, కనుక ఈ లెక్క జ్ఞాపకాల లెక్కే గాని సత్యం కాదని విమర్శకులు అన్నారు. పొగాకుకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ గల సంబంధాన్ని వెల్లడించిన రిచర్డ్ డాల్ అంతటివాడు సైతం 1960లో సహచరులతో కలిసి జరిపిన పరిశీలనలో అటువంటి ప్రమాదం కానరాలేదని ప్రకటించాడు.

అయితే 1962లో అమెరికాలో బ్రయాన్ మాక్‌మహన్ అనే పరిశోధకుడు తల్లుల జ్ఞాపకాలతో నిమిత్తం లేకుండా, ఆసుపత్రుల రికార్డులను వెలికి తీశాడు. ఏడు లక్షలకు పైగా జననాలకు సంబంధించిన పరిశీలన అది. గర్భంలో ఎక్స్-రే కిరణాలు సోకిన పిల్లలలో క్యాన్సర్ మరణాలు సుమారు 40 శాతం ఎక్కువగా ఉన్నట్లు కనిపించింది. జ్ఞాపకం నిలబెట్టలేకపోయిన సత్యాన్ని రికార్డు నిలబెట్టింది. ఈనాడు ప్రతి ఎక్స్-రే గది గోడ మీదా గర్భిణీ స్త్రీలు ముందుగా తెలియజేయవలెనన్న బోర్డు వ్రేలాడుతున్నదంటే, దాని వెనుక ఆ తల్లుల జ్ఞాపకమూ, ఆ ఆసుపత్రుల దస్తరాలూ రెండూ ఉన్నవి.

తక్కువ మోతాదుల గూర్చి శాస్త్రజ్ఞులు నేటికీ రెండు శిబిరాలుగా ఉన్నారు. ఎంత స్వల్పమైనా రేడియేషన్ అంతకు తగిన ప్రమాదాన్ని తెచ్చి తీరుతుందని, పూర్తిగా సురక్షితమైన హద్దు ఏదీ లేదని ఒక వర్గం వాదన. హిరోషిమా, నాగసాకిలలో బ్రతికి బయటపడినవారిని దశాబ్దాల పాటు పరిశీలించిన ఫలితాలు దీనికి ఆధారం. అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ 2006లో ప్రచురించిన నివేదిక ఈ వాదాన్నే సమర్థించింది. వంద మందికి తలా 100 మిల్లీసీవర్ట్‌ల మోతాదు సోకితే, వారి జీవితకాలంలో ఒకరికి ఆ కారణంగా క్యాన్సర్ రావచ్చునని, ఇతర కారణాల వల్ల 42 మందికి ఎటూ రావచ్చునని ఆ నివేదిక అంచనా కట్టింది. శరీరంలోని కణాలకు తమను తాము మరమ్మతు చేసుకునే శక్తి ఉన్నదని, కనుక చిన్న మోతాదులకు భయపడనక్కరలేదని రెండవ వర్గం వాదిస్తుంది. ఫ్రెంచి అకాడమీలు 2005లో ఈ పక్షం వహించినవి. మన కేరళలోని కరునాగపల్లి తీరంలో మోనజైట్ ఇసుక వల్ల సహజ రేడియేషన్ చాలా ఎక్కువ. అక్కడ దాదాపు 70 వేల మందిని పదేళ్ళకు పైగా గమనించగా క్యాన్సర్ అధికంగా కనిపించలేదని 2009లో వెలువడిన అధ్యయనం పేర్కొన్నది. ఈ వర్గం వారు దానిని తరచు ఉదహరిస్తారు.

అయితే నిదానంగా సోకే సహజ రేడియేషన్‌కూ, క్షణాలలో సోకే స్కాన్ మోతాదుకూ తేడా ఉన్నది. పెద్దలకూ పిల్లలకూ ఇంకా ఎక్కువ తేడా ఉన్నది. ఐరోపాలోని తొమ్మిది దేశాలలో చిన్న వయస్సులో సి.టి. స్కాన్ తీయించుకున్న తొమ్మిదిన్నర లక్షల మంది రికార్డులను పరిశీలించిన అధ్యయనం 2023లో వెలువడింది. స్కాన్ తీయించుకున్న పదివేల మంది పిల్లలలో ఒకరికో ఇద్దరికో తరువాతి పన్నెండేళ్ళలో ఆ కారణంగా రక్త సంబంధమైన క్యాన్సర్ రావచ్చునని అది తేల్చింది. ఏ ఒక్క తల్లికైనా ఇది భయపడవలసిన సంఖ్య కాదు. తలకు దెబ్బ తగిలిన బిడ్డకు స్కాన్ తీయకపోతే వచ్చే ప్రమాదం దీనికన్నా ఎన్నో రెట్లు పెద్దది. అయితే కోట్ల సంఖ్యలో స్కాన్‌లు తీసే దేశానికి మాత్రం ఇది ఉపేక్షించదగిన సంఖ్య కాదు. వైద్యుడు ఆలోచించవలసినది ఎదుట ఉన్న ఒక్క రోగిని గూర్చి. ప్రభుత్వం ఆలోచించవలసినది కోట్ల మందిని గూర్చి. ఈ రెండింటినీ కలగాపులగం చేయడం వల్లనే వివాదం ఇంతగా ముదురుతున్నది.

ఐరోపా దేశాలు ఆ అధ్యయనం చేయగలగడానికి కారణం అక్కడ రికార్డులు ఉండడం. మన వద్ద ఉన్నదేమిటి? అణుశక్తి నియంత్రణ మండలి 1983 నవంబరులో ఏర్పడింది. దేశంలోని ప్రతి ఎక్స్-రే యంత్రమూ దాని అనుమతితో నడవాలి. అయితే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2012లో సమర్పించిన నివేదిక ఏమన్నది? దేశంలో నడుస్తున్న 57,443 వైద్య ఎక్స్-రే కేంద్రాలలో మండలి వద్ద నమోదైనవి 5,270 మాత్రమే. మిగిలిన 52,173, అంటే 91 శాతం, నియంత్రణ పరిధికి వెలుపలే ఉండిపోయినవి. ప్రతి రాష్ట్రంలోనూ రేడియేషన్ భద్రతా డైరెక్టరేట్ నెలకొల్పవలెనని సుప్రీంకోర్టు 2001లో ఆదేశించగా, పదకొండు సంవత్సరాల తరువాత ఆ పని చేసిన రాష్ట్రాలు కేరళ, మిజోరం రెండేనని కూడా అదే నివేదిక బయటపెట్టింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ జాబితాలో లేదు. ఊరూరా స్కానింగ్ కేంద్రాలు వెలసిన రాష్ట్రం వాటిని తనిఖీ చేసే చిన్న కార్యాలయానికి నోచుకోలేదు. పార్లమెంటు పబ్లిక్ అకౌంట్స్ కమిటీ 2013లో ఈ నిర్లక్ష్యాన్ని గట్టిగా తప్పుపట్టింది.

ఆ తరువాత ఆన్‌లైన్ పద్ధతి ప్రవేశపెట్టి, నమోదైన యంత్రాల సంఖ్యను మండలి బాగా పెంచిన మాట వాస్తవం. ఆ మేరకు దానిని అభినందించవలసిందే. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన శాంతి చట్టం, ఇన్నాళ్ళూ ప్రభుత్వ ఉత్తర్వుపై ఆధారపడి నడచిన ఈ మండలికి చట్టబద్ధమైన ప్రతిపత్తిని కల్పించింది. ఇదీ ఆహ్వానించదగినదే. అయితే ఆ బిల్లుపై ఉభయ సభలలో జరిగిన వాదోపవాదాలు ప్రధానంగా అణు విద్యుత్తు, ప్రైవేటు పెట్టుబడి, ప్రమాద పరిహారం చుట్టూనే తిరిగినవి. అణు విద్యుత్కేంద్రాన్ని జీవితంలో ఒక్కసారైనా చూడని పౌరులు కోట్లాది మంది ఉన్నారు. ఎక్స్-రే గదిలోకి ఒక్కసారైనా అడుగుపెట్టని కుటుంబం మాత్రం పట్టణాలలో దొరకడం కష్టం. ఢిల్లీలోని మాయాపురి పాత ఇనుము బజారులో 2010 ఏప్రిల్‌లో కోబాల్ట్-60 బయటపడి ఒక కార్మికుడు మరణించినప్పుడు దేశమంతా ఉలిక్కిపడింది. ఉలిక్కిపడడం మనకు చేతనవును. ప్రతి నిత్యం కొద్దికొద్దిగా పేరుకునే దానిని కనిపెట్టి ఉండడమే చేతకాదు.

యంత్రం నమోదైనంత మాత్రాన సమస్య తీరదు. రేడియేషన్ రక్షణకు అంతర్జాతీయంగా అంగీకరించిన సూత్రాలు మూడు ఉన్నవి. మొదటిది, ఆ పరీక్ష నిజంగా అవసరమా అన్న విచారణ. రెండవది, అవసరమైన పక్షంలో ఫలితానికి సరిపడే కనీస మోతాదు. మూడవది, మోతాదుకు గరిష్ఠ పరిమితి. ఎక్స్-రే గదిలో పనిచేసే ఉద్యోగికి ఈ పరిమితి వర్తిస్తుంది. అయిదేళ్ళ సగటున సంవత్సరానికి 20 మిల్లీసీవర్ట్‌లు మించరాదు. అతని కోటుకు ఉండే బ్యాడ్జి ఆ లెక్క చెబుతుంది. రోగికి మాత్రం ఏ పరిమితీ లేదు. ప్రాణం కాపాడవలసి వచ్చినప్పుడు పరిమితి అడ్డు రాకూడదు కనుక అది సమంజసమే. అయితే పరిమితి లేని చోట మొదటి సూత్రం మరింత కట్టుదిట్టంగా ఉండాలి కదా. పరీక్ష అవసరమా కాదా అని నిర్ణయించే వైద్యునికీ, పరీక్ష జరిపే కేంద్రానికీ మధ్య కమీషన్ల బేరం ఉంటే ఆ సూత్రం ఏమి కావాలి? ఇటువంటి కమీషన్లను వైద్యుల నియమావళి 2002లోనే నిషేధించింది. నిషేధం పుస్తకంలో ఉన్నది. బేరం బజారులో ఉన్నది.

ఇది చదివి ఎక్స్-రే అంటేనే పారిపోయేవారు ఉంటే, అది మరింత అనర్థం. ప్రపంచంలోని క్షయ రోగులలో సుమారు నాలుగవ వంతు మన దేశంలోనే ఉన్నారు. 2019 నుంచి 2021 వరకు జరిగిన జాతీయ క్షయ సర్వేలో, ఛాతీ ఎక్స్-రే తీయకపోయి ఉంటే 42.6 శాతం కేసులు బయటపడేవే కావని తేలింది. దగ్గు లేదు, జ్వరం లేదు, అయినా లోపల వ్యాధి ఉన్నది. చేతిలో ఇమిడే ఎక్స్-రే పరికరాలు ఈనాడు పల్లెలకు వెళ్ళి అటువంటి వారిని కనిపెడుతున్నవి. ఒక ఛాతీ ఎక్స్-రే వల్ల సోకేది, మనం ఊరకే భూమి మీద నివసిస్తున్నందుకు కొద్ది రోజులలో సోకే సహజ రేడియేషన్‌తో సమానం. ప్రపంచంలో ఆ సహజ మోతాదు సగటున సంవత్సరానికి 2.4 మిల్లీసీవర్ట్‌లు. మన దేశపు దౌర్భాగ్యం ఏమిటంటే, ఎక్స్-రే అవసరమైన కూలివానికి అది అందడం లేదు. అవసరం లేని మధ్యతరగతి రోగికి సంపూర్ణ ఆరోగ్య పరీక్షల పేరిట పొట్లం కట్టి మరీ అంటగడుతున్నారు. రెండూ ఒకే నిర్లక్ష్యానికి రెండు ముఖాలు.

అయితే చేయవలసినదేమిటి? బ్రహ్మాండమైన పథకాలు అక్కరలేదు. సి.టి. యంత్రం ప్రతి పరీక్షకూ మోతాదును తనంతట తానే లెక్కకట్టి తెర మీద చూపుతుంది. దానిని నివేదికలో ఒక పంక్తిగా వ్రాసి రోగి చేతికి ఇవ్వడమే కావలసినది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2012 నుంచి దీనిని తప్పనిసరి చేసింది. మోతాదు వివరం నివేదికలో భాగం కావలెనని ఐరోపా సమాజం 2013లో ఆదేశం జారీ చేసింది. మన దేశానికి ఇది శక్తికి మించిన పని కాదు. గర్భస్థ శిశువు లింగ నిర్ధారణను అరికట్టడానికి 1994లో చేసిన చట్టం కింద ప్రతి అల్ట్రాసౌండ్ యంత్రాన్నీ నమోదు చేస్తున్నాము. ప్రతి గర్భిణికీ ఒక ఫారం నింపుతున్నాము. అల్ట్రాసౌండ్‌లో ఈ రకం రేడియేషన్ బొత్తిగా లేదు. కిరణాలు లేని యంత్రానికి ఇంత లెక్క వ్రాయగలిగిన దేశం, కిరణాలు వదిలే యంత్రానికి ఒక్క పంక్తి వ్రాయలేకపోవడం ఏమి న్యాయం?

ఆ ఒక్క పంక్తి వ్రాసిన నాడు మూడు మేళ్ళు జరుగుతవి. రెండవ ఊరి వైద్యుడు మొదటి ఊరి ఫిల్మును పారవేసే ముందు ఒక్క క్షణం ఆలోచిస్తాడు. అత్యల్ప మోతాదుతో తీసే కేంద్రానికీ, అడ్డగోలుగా తీసే కేంద్రానికీ తేడా ప్రజలకు తెలుస్తుంది. ముప్పై ఏళ్ళ తరువాత మన పరిశోధకులు హిరోషిమా లెక్కలతోనో, ఐరోపా పిల్లల లెక్కలతోనో కాక, మన ప్రజల లెక్కలతోనే ఈ వివాదానికి సమాధానం వెదకగలుగుతారు. తెలుగు రాష్ట్రాలు రెండూ కేంద్రం ఆజ్ఞ కోసం ఎదురుచూడకుండా తమ ఆసుపత్రులలో, తమ ఆరోగ్య బీమా పథకాల కింద జరిగే స్కాన్‌లలో దీనిని ముందుగా అమలు చేయవచ్చు. సొమ్ము చెల్లిస్తున్నది ప్రభుత్వమే కనుక, మోతాదు వ్రాయని నివేదికకు బిల్లు చెల్లించబోమని ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు.

వైద్య విజ్ఞాన సంస్థ ముందు కాలిబాట మీద కూర్చున్న ఆ తండ్రికి శాస్త్రజ్ఞుల శిబిరాల గొడవ అక్కరలేదు. తన బిడ్డకు ఎన్ని సార్లు, ఎంత మోతాదు పడిందో చెప్పగల కాగితం ఒకటి ఆ పెద్ద కవరులో ఉండాలి. రశీదు ఇచ్చిన చేతికి ఆ కాగితం ఇవ్వడం భారం కాదు.